నోటు పుట్టింది రాగి బరువు వల్ల

మన శ్రీకాకుళం జిల్లా బుడితి కంచరులకు తెలిసిన లెక్కే ఇది: పాత బిందెకి రెండు ధరలు, బిందెగా ఒకటి, తూకానికి ఒకటి. తూకం ధర మించిందా, బిందె కొలిమికే పోతుంది. 1657లో స్టాక్‌హోమ్‌లో తెరిచిన ప్రైవేటు బ్యాంకు, స్టాక్‌హోమ్స్ బాంకో, సరిగ్గా ఇక్కడే ఇరుక్కుంది.

అప్పటి స్వీడన్ డబ్బు రాగి పలకలు. 1644 నాటి 10 డాలెర్ల (అప్పటి స్వీడన్ నాణెం లెక్క) పలక ఒక్కటే దాదాపు 19.7 కిలోలు. జేబులో కాదు, బండిలో వేసుకోవాలి! అందుకే జనం పలకలు బ్యాంకులో దాచారు. 1660లో ప్రభుత్వం అదే విలువకి సుమారు 17 శాతం తేలికైన పలకలు కొట్టించింది. పాత పలక రాగిగానే ఎక్కువ చేస్తుంది కదా, అందరూ వెనక్కి అడిగారు. బ్యాంకు నడిపే యోహాన్ పామ్‌స్ట్రుక్ ఆ సొమ్మును అప్పటికే దీర్ఘకాల అప్పులుగా ఇచ్చేశాడు. అడిగిన రోజే తిరిగివ్వాల్సిన డబ్బుతో ఏళ్ల తరబడి తీరే అప్పులు. నా లెక్కలో అసలు తప్పు అదే, కాగితం కాదు.

1661లో పలకలకు బదులు నోట్లిచ్చాడు. యూరప్‌లో తొలి బ్యాంకు నోట్లు ఇవే. వడ్డీ లేదు, ఎవరి చేతిలో ఉంటే వారిదే సొమ్ము. తేలిక కాబట్టి బాగా చెల్లాయి. ఆ ఊపులో అప్పులన్నీ నోట్లతోనే ఇచ్చాడు. 1663కి నోటు తెచ్చినవాళ్లకి ఇవ్వడానికి రాగి లేదు. 1664లో అప్పులు వెనక్కి రాబట్టడం మొదలైంది. 1668లో పామ్‌స్ట్రుక్‌కి మరణశిక్ష పడి, తర్వాత జైలుగా తగ్గింది. అదే ఏడాది పార్లమెంటు కింద కొత్త బ్యాంకు వచ్చింది. స్వీడన్ కేంద్ర బ్యాంకు, ఇప్పటి రిక్స్‌బ్యాంక్ అదే.