పెన్న మొగలో పండుగప్ప కోసం

గాలంతో పండుగప్ప చేప పట్టాలని, "ఆదివారం రానా అన్నా?" అని ఫోన్లో అడిగితే పడవాయన సెలవు సంగతి పట్టించుకోలేదు, తిథి చూశాడు. "నవమి అబ్బయ్యా. నీళ్ళు కదలవు. ఇంట్లో పడుకో." చివరికి పోటూ పాటూ జోరుగా ఉండే కార్తీక పౌర్ణమి మర్నాటికి కుదిరింది. లీవు పెట్టి చెన్నై నుంచి రాత్రికే నెల్లూరు చేరాను.

పొద్దున్నే ఇందుకూరుపేట మీదుగా మైపాడు. దారికి రెండు పక్కలా రొయ్యల గుంటలు. తీరమంతా ముందురోజు స్నానాలకొచ్చిన జనం వదిలిన అరటి దొప్పలే. నేను తెల్లారకముందే నీళ్ళ మీద ఉండాలనుకుంటే, పడవాయన ఏడున్నరకు తీరిగ్గా టీ తాగుతున్నాడు. "పోటు దిగాల గదా. ఇప్పుడు పోయి ఏం జేస్తావ్?"

అండమాన్‌లో గాలపు సరదా ఉన్నవాళ్ళ కోసం సీట్లూ, రాడ్ పెట్టుకునే గొట్టాలూ ఉన్న చార్టర్ బోట్లుంటాయి. నేనెక్కింది రోజూ వలకు పోయే ఫైబర్ పడవ. ఐసు పెట్టె మీదే కూర్చున్నాను.

పెన్న సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్ళు ఎర్రగా ఉన్నాయి, పైన వానలు పడ్డట్టున్నాయి. తొమ్మిది దాటాక నీళ్ళు వెనక్కి తీసే పాటు మొదలైంది. నది నుంచి సముద్రంలోకి కొట్టుకొచ్చే చిన్న చేపల కోసం పండుగప్ప ఆ అంచునే కాచుకొని ఉంటుందట. గంటసేపు నా ప్లాస్టిక్ చేపలన్నీ మార్చి మార్చి విసిరాను. ఒక్కటీ ముట్టలేదు. ఆ బురద నీళ్ళలో నా రంగురంగుల ఎర ఎవరికి కనబడుతుంది!

ఆయన విసురువల ఒక్కసారి వేసి అరచెయ్యంత చేపలు నాలుగు పట్టాడు. ఒకదానికి వీపు దగ్గర గాలం గుచ్చి, లావుపాటి నైలాన్ దారంతో చేత్తోనే వదిలాడు. పది నిమిషాలకు మూడు కిలోల పండుగప్ప పడవలో ఉంది. నా రాడ్, రీలు కలిపి పన్నెండు వేలు. ఆయన దారం ఖరీదు అడగలేదు.

జాలేసిందేమో, ఇంకో చేప నా గాలానికీ గుచ్చాడు. ఈసారి రీలు గిర్రున తిరిగింది. పడవకు ఇరవై గజాల్లో చేప నీళ్ళు చీల్చుకొని లేచి, నోరంతా తెరిచి తల విదిలించింది. నడుము నుంచి పాదం దాకా ఉంటుంది. రెండోసారి లేచేసరికి దారం తెగి తేలిపోయింది. పండుగప్ప చెక్కిలి అంచు బ్లేడులా ఉంటుందని చదివి కూడా, గాలం దగ్గర సన్నదారమే కట్టాను. తప్పు నాదే.

"అంత పెద్దది ఆడదే అయ్యుంటది" అన్నాడాయన. నిజమే, పండుగప్ప ముందు మగదిగా పెరిగి, ఏళ్ళు గడిచాక ఆడదవుతుంది. ఫ్లోరిడాలో దీనిలాంటిదే స్నూక్ అనే చేప ఉంది, అదీ ఇట్లాగే మారుతుంది. అక్కడ అట్లాంటిక్ వైపు 28 అంగుళాలకు తక్కువున్నా, 32 దాటినా వదిలేయాల్సిందేనని చెప్పాను.

"పెద్దదాన్ని వదిలేసేదానికి పడవెక్కేదెందుకు?" అని నవ్వి, కాసేపాగి, "మాకూ ఉండాది గదా వేట నిషేధం, ఏప్రిల్ పదైదు నుంచి అరవై ఒక్క రోజులు. అసలు పోనే పోము" అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఒడ్డుకొచ్చాక ఆ మూడు కిలోల చేపను కొనేవాళ్ళు అక్కడే కాచుకొని ఉన్నారు. నేనడిగే లోపే తూకం అయిపోయింది. బాడుగ ఇచ్చి, మళ్ళీ ఎప్పుడు రమ్మంటావని అడిగాను. వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు.

"అమాస గురువారం వచ్చింది. లీవిస్తారా మీ వాళ్ళు?"