వరండాకు కొయ్య కంబాలు పెట్టాలనుకునేవాళ్ల కోసం

తిరుపతి చుట్టుపక్కల కొత్తగా ఇల్లు కట్టేవాళ్లలో చాలామందికి ముందు వరండాకు కొయ్య కంబాలు ఉండాలనే ఆశ మళ్లీ పుడుతోంది. నాకైతే చాలా సంతోషం. సిమెంటు పిల్లర్ పోసి, దానిమీద చెక్క రంగు పూసి గీతలు గీయించుకునే బదులు, మన నేలలో పెరిగిన మానునే చెక్కి నిలబెడితే వచ్చే అందం వేరు. చంద్రగిరి వైపు మా ఊళ్లో ఇల్లు కట్టుకున్నప్పుడు మేం అలాగే పెట్టించాం. చూసినవాళ్లంతా ఏ చెట్టు, ఎక్కడ దొరికింది, పగుళ్లు రావా అని అడుగుతున్నారు కాబట్టి తెలిసిందంతా ఒకచోట రాస్తున్నాను.

ముందుగా ఎర్రచందనం సంగతి. ఎవరో ఒకరు గొంతు తగ్గించి మరీ అడుగుతారు, వద్దు. ఆ చెట్టు శేషాచలం, పాలకొండలు, వెలిగొండల చుట్టుపక్కల తప్ప దాదాపు ఇంకెక్కడా సహజంగా పెరగదు, 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉంది, సొంత పొలంలో పెంచుకున్నా అటవీ శాఖ అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. కొండమీద ఉండాల్సిన చెట్టును దొంగతనంగా తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టుకుంటే అది అలంకారం ఎలా అవుతుంది? మిగతా చెట్లకు కూడా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, చాలా రకాలు కొట్టడానికీ, లారీలో తరలించడానికీ పర్మిషన్ కావాలి. కాగితాలు చేతికొచ్చాకే గొడ్డలి.

మరి ఏ చెట్టు? మా పనికి వచ్చిన వడ్రంగి, వరసకు మామ అయ్యే పెద్దాయన, మాను లావు చూసి మురిసిపోతున్న మా నాన్నతో ఒక మాటన్నాడు: "చేవ లేని మాను ఎంత లావుంటే ఏం బావా, చెదలకు మేతే గదా." అసలు విషయం అదే. కోసిన దుంగలో లోపల ముదురు రంగులో గట్టిగా కనిపించేది చేవ, చుట్టూ ఉండే తెల్లచెక్క పురుగుకు ఇష్టమైన తిండి. ముదిరిన వేప, నల్లతుమ్మ, మద్ది, వేగి, ఇవి బాగుంటాయి. తుమ్మ బండి చక్రాలకూ నాగళ్లకూ వాడిన కొయ్య, దాని గట్టితనం గురించి పల్లెటూరి వాళ్లకు చెప్పనక్కర్లేదు. చింత చేవ నల్లగా, ఇనుములా ఉంటుంది గానీ చాలా చెట్లలో అది సన్నగా ఉండి తెల్లచెక్కే ఎక్కువ, తీరా చెక్కాక కంబానికి చాలకపోవచ్చు. మన జిల్లాలో పాత మామిడి తోటలు కొట్టేసినప్పుడు దుంగలు చవగ్గా వస్తాయి కదా అని కొందరు ఆశపడతారు, బయట వరండాకు మామిడి నిలవదు, చెదలూ పుచ్చూ రెండూ పడతాయి.

నన్నడిగితే అన్నిటికంటే మంచిది పాత ఇంటి కంబం. పల్లెల్లో మట్టి మిద్దెలు పడగొడుతున్నారు, ఆ దూలాలూ కంబాలూ పొయ్యిలోకో, పాత కొయ్య అమ్మేవాళ్ల దగ్గరికో పోతున్నాయి. తరాల తరబడి ఎండిన కొయ్య అది, ఇంక కుంచించుకుపోయేది పెద్దగా ఉండదు. కొనేటప్పుడు అడుగు భాగాన్ని సుత్తితో తట్టి చూడండి, డొల్లగా మోగితే ఆ మేరకు కోసేయాల్సిందే. తమిళనాడులోని కారైకుడి దాకా వెళ్లి చెక్కడపు స్తంభాలు తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు, అందంగానే ఉంటాయి, కానీ వాటిలో చాలావరకు బర్మా టేకు, మన నేల మాను కాదు. చెక్కడమే కావాలంటే ఏర్పేడు దగ్గర మాధవమాలలో కొయ్య శిల్పులు ఉండనే ఉన్నారు.

పచ్చి దుంగ అయితే ఓపిక కావాలి. బెరడు వెంటనే తీసేయాలి, దాని కిందే పురుగు గుడ్లు పెడుతుంది. రెండు కొసలకూ మైనమో పెయింటో దట్టంగా పూసి, నేలకు తగలకుండా దిమ్మెలమీద, నీడలో, గాలి ఆడేచోట పెట్టాలి. పలకలకైతే అంగుళం మందానికి ఏడాది అని మోటు లెక్క చెబుతారు, గుండ్రటి దుంగ ఇంకా నిదానంగా ఎండుతుంది. ఇంక పగుళ్లు. కొయ్య తన వలయాల వెంట ఎంత కుంచించుకుంటుందో, నడిమి నుంచి అంచుకు అందులో దాదాపు సగమే కుంచించుకుంటుంది, ఆ తేడా వల్ల నిండు దుంగ ఎక్కడో ఒకచోట పగలక తప్పదు. అందుకే పచ్చిగా ఉన్నప్పుడే వెనక వైపు, పైనుంచి కిందిదాకా నడిమి వరకు దిగేలా ఒక రంపపు కోత పెట్టిస్తారు. ఎండేకొద్దీ ఆ కోత వెడల్పవుతుంది, ముందు వైపు చాలావరకు బాగుంటుంది. ఆ కోతను గోడవైపుకు తిప్పి నిలబెడితే సరి. అయినా సన్నటి పగుళ్లు వస్తే టెన్షన్ పడకండి, నిలువు పగులుతో కంబం బలం పెద్దగా తగ్గదు.

కంబాన్ని తీసుకెళ్లి కాంక్రీటులో పాతేయడం మాత్రం దయచేసి చేయకండి. ఎంత చేవున్న కొయ్య అయినా సిమెంటులో చెమ్మ పట్టి అడుగు నుంచి కుళ్లుతుంది, చెదలకూ లోపలినుంచే దారి దొరుకుతుంది. పాత ఇళ్లలో కంబం కింద రాతి దిమ్మె ఊరికే పెట్టలేదు. ముక్కాలడుగు ఎత్తు రాయి పెట్టి, దాని పైభాగం కంబం అడుగుకంటే కాస్త చిన్నగా, నీరు జారేలా చెక్కించి, నడుమ తుప్పు పట్టని స్టీలు కడ్డీ దించి దానిమీద కంబం కూర్చోబెట్టించండి.

పైన స్లాబు బరువు దీనిమీద పడకూడదు. బీము తనంతట తాను నిలిచేలా ఇంజినీరుతో ముందే డిజైన్ చేయించుకుని, సెంట్రింగ్ విప్పాక కంబం నిలబెట్టి, పైన అరంగుళం సందు వదిలి, ఆ సందు కనపడకుండా కొయ్య బోదె (కంబం తలమీద పెట్టే దిమ్మె) బిగించాలి. వార్నిష్ ఎండకు పొరలుగా లేచిపోతుంది, నేనైతే కాచిన అవిసె నూనె పట్టించమంటాను. ఏడాదికోసారి, కార్తీకం వానలు మొదలవకముందే, రాతికి ఆనుకునే అడుగు భాగానికి ఇంకో పూత ఎక్కువ వేయించండి.