ఉదయం ఎనిమిదింటి రక్తం

పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీదే నా కుట్టుమిషను. ఇరవై ఏళ్ళు తొక్కి తొక్కి మోకాళ్ళు అరిగిపోయాయి. ఊళ్ళో ఒక ఆరెంపీ కాయితం పొట్లాల్లో మందు ఇచ్చేవాడు. విప్పితే ఒక పచ్చ బిళ్ళ, పెసరబద్దంత తెల్ల బిళ్ళ. అట్ట లేదు, పేరు లేదు. రెండో రోజుకే నొప్పి పోయింది. ఆకలి పెరిగింది, మొహం గుండ్రంగా నిండింది. "ఒళ్ళు చేశావు అప్పా" అని ఇరుగుపొరుగు వాళ్ళు సంతోషించారు. అలా రెండేళ్ళు.

మా అమ్మాయికి ఆపరేషన్ అయితే విశాఖ వెళ్ళి నెలన్నర ఉన్నాను. పొట్లాలు అయిపోయాయి. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాను. పది రోజులు తిరక్కుండా మంచం మీంచి లేస్తే కళ్ళు తిరగడం, అన్నం వాసనకే వికారం. సూదిలోకి దారం ఎక్కించబోతే చెయ్యి నిలిచేది కాదు. ఇంటికొచ్చాక గ్యాస్ట్రిక్ అన్నారు, థైరాయిడ్ చూశారు. ఏదీ తేలకపోయేసరికి మా ఆయన దగ్గర్నుంచి అందరిదీ ఒకటే మాట: "నువ్వు టెన్షన్ పడుతున్నావు." జబ్బుకన్నా ఆ మాటే నన్ను ఎక్కువ కుంగదీసింది.

టెన్షన్ ఎంతుందో చూద్దామని ఒకాయన కార్టిసాల్ పరీక్ష రాశాడు. సాయంత్రం నాలుగింటికి రక్తం తీశారు. 2.9 వచ్చింది. "టెన్షన్ హార్మోన్ తక్కువే, భయం లేదు" అని పంపేశాడు.

వాంతులు పట్టుకున్నాక బరంపురం తీసుకెళ్ళారు. అక్కడ డాక్టరమ్మ నా ముంజేతి మీద పల్చబడిన చర్మాన్ని, కమిలిన మచ్చల్ని వేలితో తడిమి చూసి, "మావుసీ (పిన్నీ), ఇంతకుముందు ఏ మందులు వాడారు?" అని ఒరియాలో అడిగారు. అంతవరకూ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. పొట్లాల సంగతి చెప్పాను.

నాలుగింటి రిపోర్టుని ఆవిడ పక్కన పెట్టేశారు. కార్టిసాల్ తెల్లవారుజామున పెరిగి, పొద్దున్న నిండుగా ఉండి, సాయంత్రానికి దిగి, అర్ధరాత్రికి అడుగంటుతుందట. సాయంత్రం తక్కువుంటే దాన్నిబట్టి ఏమీ తేల్చలేరు. ఆ రాత్రి సెలైన్ పెట్టి ఉంచి, ఉదయం ఎనిమిదింటికి రక్తం తీసి, వెంటనే హైడ్రోకార్టిసోన్, అంటే కార్టిసాల్‌నే మందుగా చేసిన ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ మధ్యాహ్నం నేనే లేచి కూర్చుని గంజి అడిగాను.

రిపోర్టు 1.6. పొద్దున్న పూట ఉండాల్సింది సుమారు 5 నుంచి 25. "మీది టెన్షన్ కాదు మావుసీ. టెన్షన్ తట్టుకునే హార్మోనే మీ ఒంట్లో లేదు" అన్నారు. ఆ మాటకి మా ఆయన ముందే ఏడ్చేశాను.

తెల్ల బిళ్ళ స్టెరాయిడ్, అంటే కార్టిసాల్‌లా పనిచేసే మందు, అయ్యుంటుందన్నారు. బయట నుంచి రోజూ వచ్చి పడుతుంటే మూత్రపిండాల మీద ఉండి కార్టిసాల్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు పని మానేస్తాయి. బిళ్ళ ఒక్కసారిగా ఆపితే అవి లేవలేవు. ఆవిడ మందుని తిట్టలేదు. కీళ్ళవాతంతో మంచాన పడ్డవాళ్ళు ఈ జాతి మందుతోనే లేచి నడిచారట, అడ్రినల్ హార్మోన్ల పరిశోధనకి 1950లో నోబెల్ కూడా ఇచ్చారట. తప్పంతా పేరు చెప్పకుండా ఇవ్వడంలో ఉంది. నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

తర్వాత పధ్నాలుగు నెలలు హైడ్రోకార్టిసోన్ మాత్రలు. పొద్దున్న 10 మిల్లీగ్రాములు, మధ్యాహ్నం 5. జ్వరం వస్తే రెట్టింపు, వాంతులైతే ఆలస్యం చెయ్యకుండా ఇంజెక్షన్. పరీక్షకి ముందు రోజు మధ్యాహ్నం మాత్ర మానాలి, ఆ పొద్దున్న మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. లేకపోతే మాత్రే రక్తంలో లెక్కకొస్తుంది. మా ఊరి నుంచి ఎనిమిదింటికి అందుకోలేం కాబట్టి ప్రతిసారీ ముందు రోజే బస్సెక్కి మా పినమామగారింట్లో పడుకునేవాళ్ళం. 4.2, తర్వాత 8.7. చివర్లో గ్రంథిని లేపే ఇంజెక్షన్ ఇచ్చి అరగంటకి, గంటకి రక్తం తీశారు. 19.4 వచ్చింది, గ్రంథి లేచిందన్నమాట. మెల్లగా మాత్రలు ఆపేశారు.

మిషనుకి మోటారు పెట్టించుకున్నాను.

పోయిన వారం పక్కింటి పిన్ని పొట్లం విప్పి నీళ్ళు అందుకుంటుంటే చూశాను. పచ్చ బిళ్ళ, పెసరబద్దంత తెల్ల బిళ్ళ. ఏడాదిగా వాడుతోందట. మానెయ్యమని మాత్రం అనలేదు. "వేసుకో పిన్నీ, డాక్టరు చెప్పేదాకా ఆపకు" అని, ఒక పొట్లం అడిగి నా కొంగున కట్టుకున్నాను. సోమవారం బరంపురం బస్సుకి ఇద్దరం వెళ్తున్నాం.