విమానమా, తుక్కా? పాత సెనెకా కొన్న నా అనుభవం

లారీ నిన్న సాయంత్రమే షెడ్డుకు చేరింది. కోపం ఇంకా దిగలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. వారం ఆగితే మొహమాటం అడ్డొచ్చి సగం వదిలేస్తాను.

కొన్నది పైపర్ సెనెకా-2. 1970ల నాటిది, రెండు పిస్టన్ ఇంజన్లు. ఎగరేయడానికి కాదు. నేవీలో విమానాల టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాక గాజువాక ఆటోనగర్‌లో షెడ్డు అద్దెకు తీసుకుని, ఏఎంఈ, అంటే విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరింగ్, చదివే పిల్లలకు చేతిపని నేర్పుతున్నాను. మాగ్నెటో (బ్యాటరీ లేకుండానే ఇంజనుకు నిప్పురవ్వ ఇచ్చేది) బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాళ్లే అందరూ, విప్పి చూసినవాడు ఒక్కడూ లేడు. బీచ్ రోడ్డు మ్యూజియంలో టీయూ-142 విమానం ఉంది కదా అన్నారు కొందరు. అది చూసి రావడానికి. దాని మీద స్పానర్ పెట్టనిస్తారా? పైగా అది టర్బోప్రాప్, టర్బైన్‌తో తిరిగేది, పిస్టన్ ఇంజను కాదు.

ఎగిరే స్థితిలో ఉన్నది కొనొచ్చు కదా అని మా బావమరిది. కొనొచ్చు. విశాఖలో రన్‌వే నేవీది, ఐఎన్ఎస్ డేగాది. ఇలాంటి పిస్టన్ ఇంజన్లకు పోసే విమాన పెట్రోలు, అవ్‌గ్యాస్, 2022లో మన దేశంలోనే, గుజరాత్ రిఫైనరీలో తయారవడం మొదలైనా, పెట్రోలు బంకులో పోయించుకున్నట్టు దొరికేది కాదు. రెండు ఇంజన్లంటే రెండు ప్రొపెల్లర్లు, రెండు గవర్నర్లు, రెండు టర్బోలు, ఖర్చు కూడా రెండింతలు. అంత డబ్బుంటే మా ఆవిడ ముందు పైన ఇంకో పోర్షన్ వేయమంటుంది.

మహారాష్ట్రలో ఒక ఫ్లయింగ్ శిక్షణ సంస్థ దీన్ని ఎప్పుడో పక్కన పడేసింది. ఫోన్లో మాట కుదిరింది, వెళ్లి చూశాను. యంత్రం చూడ్డంలో నాకు ఇబ్బంది లేదు. వాళ్లిచ్చిన జాబితాలో రెండు ఇంజన్లకూ ఒకే మోడల్ రాసి ఉంది. కుడి ఇంజను ప్లేటు మీద గ్రీజు తుడిస్తే ముందు 'ఎల్' అక్షరం బయటపడింది. సెనెకా-2లో ఎడమది టీఎస్ఐఓ-360, కుడిది ఎల్‌టీఎస్ఐఓ-360. రెండూ 200 హార్స్‌పవర్, కానీ ఒకదానికొకటి ఎదురు దిక్కులో తిరుగుతాయి. ఏ ఇంజను ఆగినా మిగిలినది విమానాన్ని లాగే తీరు ఒకేలా ఉండాలని అలా చేశారు. ఈ సంగతి వాళ్ల మేనేజరుకు నేను చెప్పాల్సి వచ్చింది!

ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను. మూలన పడి ఉన్న విమానం ప్రొపెల్లరును చేత్తో తిప్పొద్దు. స్విచ్ ఆఫ్‌లో ఉన్నా, బ్యాటరీ లేకపోయినా, మాగ్నెటో నుంచి స్విచ్‌కు వెళ్లే, దాన్ని ఆపే వైరు తెగి ఉంటే మాగ్నెటో బతికే ఉన్నట్టు. సిలిండర్లో కాస్త పెట్రోలు ఆవిరి మిగిలితే చాలు, చెయ్యి పోతుంది. ట్యాంకు డ్రెయిన్ తిప్పితే ఇన్నేళ్ల తర్వాత కూడా నీలం రంగు అవ్‌గ్యాస్ కారింది.

ఇంజన్లు దించి పెట్టెల్లో పెట్టాం. రెక్కలు విప్పాం. అంతా సాఫీగా అయిపోయింది.

ఇక కాగితం. అమ్మేవాళ్ల అకౌంటెంటు ఇన్‌వాయిస్ మీద 'అల్యూమినియం తుక్కు, ఒక లాట్' అని రాశాడు. హెచ్ఎస్ఎన్, అంటే పన్ను కోసం సరుకుకు వేసే కోడ్, 7602, జీఎస్టీ 18 శాతం. ఇది విమానం కదా బాబూ, 8802 కింద రావాలి కదా అన్నాను. "ఎగరనిది విమానం ఎలా అవుతుంది సార్?" అన్నాడు. పన్ను వాళ్లే ఎక్కువ కడుతుంటే నేనెందుకు అడ్డుపడాలి?

హైదరాబాద్, విజయవాడ దాటి అనకాపల్లి దాకా లారీని ఎవరూ ఆపలేదు. లంకెలపాలెం దగ్గర ఆపారు. దారిలో వాన పడి, విమానం రిజిస్ట్రేషన్ తెలిపే వీటీ అక్షరాల మీద పూసిన తెల్ల సున్నం కారిపోయింది. టార్పాలిన్ పక్కకు జరిగి అక్షరాలు పెద్దగా కనబడుతున్నాయి. "తుక్కంటన్నారు, ఇదేటి, ఎలికాప్టరా?" అని కానిస్టేబుల్ అడిగాడట. డ్రైవరు ఫోన్ చేసేసరికి చుట్టూ జనం, సెల్ఫీలు.

తనిఖీ అధికారి వచ్చి ముందు పట్టుకున్నది కొలత. ఇది ఓవర్ డైమెన్షన్ సరుకు, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే అనుమతి కాగితం) మామూలుది, చెల్లదన్నాడు. మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన గడువిస్తారు, భారీ సరుకుకు 20 కిలోమీటర్లకు ఒక రోజు. టేపు తీశాను. రెక్కలు, తోక పలకలు విప్పేసిన బాడీ అది, లారీ తొట్టిలోంచి ఎటువైపూ బయటకు రాలేదు. ఆయన చేతే టేపు కొస పట్టించి కొలిచి చూపించాను. మాట్లాడలేదు. ఆ టేపు పట్టించినందుకే అనుకుంటాను, ఆ తర్వాత నాకు చుక్కలు చూపించాడు.

ఆఫీసుకు రమ్మన్నారు. వెళ్లాను. అక్కడ నా కొడుకు కంటే చిన్నవాడు, ఫోన్ స్పీకర్లో పెట్టి అవతలివాళ్లతో, "ఇక్కడొకాయన విమానాన్ని తుక్కు కింద పట్టుకొచ్చాడు" అని నవ్వుతున్నాడు. నేను ఎదురుగానే నిలబడి ఉన్నాను, కుర్చీ ఖాళీగానే ఉంది. "పైలటా?" అన్నాడు. కాదన్నాను. "మరి నీకు విమానం దేనికి?" అన్నాడు. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. నా సంతకం చూసి విమానం ఎక్కిన పైలట్లున్నారు. ఆ సంగతి అక్కడ చెప్పబుద్ధి కాలేదు, ఇక్కడ చెబుతున్నాను.

వాళ్ల వాదన ఏమిటంటే, తుక్కంటే ముక్కలై ఉండాలి, ఇది విమానం. విమానమైతే కోడ్ తప్పు, కోడ్ తప్పైతే సరుకు ఆపాలి, ఆపితే పన్నుకు రెండింతలు జరిమానా. 18 శాతం కట్టారు కదయ్యా, శిక్షణకు వాడే విమానానికి 5 శాతమే కదా, ఎక్కువ కట్టినవాడు ఎగ్గొట్టినట్టా అన్నాను. "సొంత వాడకానికైతే 40" అన్నాడు. రెండు రెక్కలూ విడిగా పడున్న దాంట్లో నేను సొంతంగా ఎక్కడికి పోతాను?

సరే, విమానమే అనుకుందాం, రిజిస్ట్రేషన్ రద్దయిన ఉత్తర్వు చూపించమన్నారు. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే విమానాల రిజిస్ట్రేషన్ చూసే డీజీసీఏకి దరఖాస్తు పెట్టామన్నారు. దరఖాస్తు కాదు, రద్దు కాగితం కావాలన్నాను. మేనేజరు అకౌంటెంటును అడగమన్నాడు, అకౌంటెంటు మేనేజరును అడగమన్నాడు. ఈలోగా లారీ వెయిటింగ్ ఛార్జీ నా నెత్తిన. డ్రైవరు మాత్రం మంచివాడు, "గురువుగారూ, మీరు ఇంటికెళ్లి భోంచెయ్యండి, రెక్కలు నేను చూసుకుంటాను" అని లారీ కిందే పక్క వేసుకున్నాడు.

ఆ రద్దు ఉత్తర్వు నెలల కిందటే వాళ్ల మెయిల్‌కు వచ్చి పడుంది. తెరిచి చూసినవాడే లేడు. నాలుగు కేకలేస్తే దొరికింది.

ఆ ఉత్తర్వు, షెడ్డు అద్దె అగ్రిమెంటు, శిక్షణ సేవల కింద ఉన్న నా జీఎస్టీ రిజిస్ట్రేషన్, ఈ మూడూ పట్టుకుని పై అధికారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ కూర్చోమన్నారు. కాగితాలు తిప్పి చూసి, అమ్మినవాళ్ల చేత పాత ఇన్‌వాయిస్‌ను రద్దు చేసే క్రెడిట్ నోట్ ఇప్పించి 8802 కింద కొత్త ఇన్‌వాయిస్ తెప్పించమన్నారు. అది రాగానే విడుదల ఉత్తర్వు, మూవ్-05, నా చేతికొచ్చింది. టీ చల్లారేలోపు తేలిపోయే పని ఇది. కింద కూర్చున్నవాడికి ఆ కుర్చీ ఎందుకిచ్చారో ప్రభుత్వానికే తెలియాలి.

కొనాలనుకునేవాళ్లు అమ్మేవాళ్ల మాట నమ్మకండి. రద్దు ఉత్తర్వు కాపీ చేతికి రాకుండా బోల్టు కూడా విప్పొద్దు. వీటీ అక్షరాల మీద సున్నం కాదు, రంగు ఊడదీసే స్ట్రిప్పర్ వేసి గీకించండి. అధికారి దగ్గరికి టేపు తీసుకెళ్లండి, కాకపోతే కొస మీ మనిషి చేతే పట్టించండి.

ఈ ఉదయం పిల్లలు ఎడమ మాగ్నెటో విప్పారు, పాయింట్లు నల్లగా మాడి ఉన్నాయి. ఇంజన్ లాగ్‌బుక్కులు రెండు ఇంకా అమ్మినవాళ్ల దగ్గరే ఉన్నాయి. వాళ్లకివ్వాల్సిన చివరి వాయిదా నా దగ్గరే ఉంది. వెయిటింగ్ ఛార్జీ రసీదు నిన్ననే వాళ్లకు పంపాను, అందులో కోసుకుంటానని కూడా రాశాను. మేనేజరు పొద్దుట్నుంచి ఫోన్ చేస్తున్నాడు. ఎత్తలేదు.