ఏపీ 36 నంబరు స్ప్లెండర్: పద్దెనిమిది వేల బండి కొన్న వరుస

వరంగల్‌లో 2011 నవంబరులో రిజిస్టరైన స్ప్లెండర్ ప్లస్. ఇరవై రెండు చెప్పారు, పద్దెనిమిదికి తెగింది. తర్వాత బండి మీద ఏడు వేల చిల్లర పెట్టాను. మొదటిసారి పాత బండి కొనేవాళ్లకీ, ఇంటి దగ్గరే విప్పి పని నేర్చుకుందామనుకునేవాళ్లకీ పనికొస్తుందని ఉన్నదున్నట్టు రాస్తున్నా.

అదే డబ్బుకి పాత 150 సీసీ బండి కూడా దొరుకుతుంది. కానీ ఆ రేటుకొచ్చేది చాలావరకు పిండేసిన బండే. స్ప్లెండర్ ఇంజన్ 97.2 సీసీ, కార్బొరేటర్, కిక్కు. విప్పితే లోపల ఏది ఏమిటో కంటికి కనిపిస్తుంది. ఏ మండల కేంద్రంలోనైనా స్పేర్లు దొరుకుతాయి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బళ్లలో కార్బొరేటర్ బదులు ఇంజెక్షను, సెన్సార్లు ఉంటాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు వాటి జోలికి పోకపోవడమే మేలు.

బండి చూడకముందే ఆర్సీ ఫొటో అడిగాను. ఇంజన్ పోతే ఎంతవుతుందో మెకానిక్ చెప్తాడు. కాగితం పోతే ఎంతవుతుందో ఎవరూ చెప్పలేరు. ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో నంబరు కొట్టి ఆర్సీ ఎప్పటిదాకా ఉంది, ఇన్సూరెన్సు ఉందా, ఫైనాన్స్ ఉందా చూడాలి. లోను తీరి పదేళ్లయినా ఆర్సీలో ఫైనాన్స్ పేరు అలాగే ఉండిపోతుంది. అది తీయాలంటే ఫైనాన్స్ వాళ్ల సీలుతో ఫారం 35, క్లియరెన్స్ లెటరు కావాలి. ఆ కంపెనీ మూతపడి ఉంటే ఇక తిరుగుడే. అందుకే అవి చేతికొచ్చాకే బయానా ఇవ్వాలి.

ఏపీ నంబరు కనిపించగానే ఆంధ్రా బండి అనుకోనక్కర్లేదు. 2014కు ముందు ఆంధ్రా, తెలంగాణ ఒకటే రాష్ట్రం, కాబట్టి ఏపీ 36 అంటే వరంగల్. అదే ఏపీ 16 అయితే విజయవాడ. దాన్ని హైదరాబాద్‌లో పేరు మార్చుకోవాలంటే ముందు అక్కడి నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తేవాలి. లైఫ్ ట్యాక్స్ సంగతేమిటో కూడా ఇక్కడి ఆర్టీవో ఆఫీసులో ముందే అడిగి రాయించుకోవాలి. పద్దెనిమిది వేల బండికి ఇంత ప్రయాస దండగ.

రిజిస్ట్రేషన్ తేదీ నుంచి పదిహేనేళ్లకు ఆర్సీ అయిపోతుంది. ఆ తర్వాతా నడపాలంటే ఫారం 25 పెట్టి, బండి చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకోవాలి. నేను కొనేనాటికి ఏడాదిన్నర మిగిలుంది. ఇరవై రెండు పద్దెనిమిది కావడానికి మొదటి కారణం అదే. రెండోది పెండింగ్ చలాన్లు. ఈ-చలాన్ సైట్‌లో నంబరు కొట్టి, వచ్చిన మొత్తం వాళ్లకే చూపించి బేరంలో కోయించుకోవాలి.

ఇక బండి దగ్గర. పొద్దున్నే వస్తాను, స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పాలి. వెళ్లగానే సైలెన్సర్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉందంటే ఏదో దాస్తున్నట్టే. చల్లటి ఇంజన్ స్టార్టయిన మొదటి నిమిషం మాత్రమే నీలం పొగ వచ్చి ఆగితే వాల్వ్ సీళ్లు (వాల్వుల దగ్గర ఆయిలు ఆపే రబ్బర్లు) కావచ్చు, అది చిన్న పని. రేజ్ చేసిన ప్రతిసారీ వస్తుంటే పిస్టన్ రింగులు, పిస్టన్ ఆడే గొట్టం (బోరు) అరిగినట్టు. బోరింగ్ చేయించి, అంటే ఆ గొట్టాన్ని కొంచెం వెడల్పు చేయించి, ఓవర్‌సైజు పిస్టన్ వేయాలి. ఇదివరకే ఆఖరి ఓవర్‌సైజు పడి ఉంటే ఇంకోసారికి చోటుండదు, బోరున్న బ్లాకే మార్చాలి. అందుకే ‘సీల్ ఇంజన్’ (ఒక్కసారీ విప్పని ఇంజన్) అంటే మార్కెట్లో అంత గిరాకీ. కటకటమనే శబ్దం సాధారణంగా టైమింగ్ చైనుది. దానికి భయపడనక్కర్లేదు.

మీటరు రీడింగు నేను పట్టించుకోను, కేబుల్ ఊడదీస్తే అది అక్కడే ఆగిపోతుంది. బ్రేక్ పెడల్ అంచు, కిక్ రబ్బరు, ఫుట్‌రెస్ట్ అరుగుదల చూస్తే చాలు.

ఛాసిస్ నంబరు దగ్గర మాత్రం తొందరపడకూడదు. హ్యాండిల్ కింద నెక్ మీద కుడిపక్క ఉంటుంది. పెట్రోలు గుడ్డతో జిడ్డు తుడిచి, పల్చటి కాగితం ఆనించి, పెన్సిల్ ముల్లు పడుకోబెట్టి రుద్దితే పదిహేడు అక్షరాలూ తెల్లగా తేలతాయి. హీరో బండి అయితే ‘ఎంబీఎల్’తో మొదలవుతుంది. ఇందులో ఓ అనే ఇంగ్లిషు అక్షరం వాడరు, గుండ్రంగా కనిపించేది సున్నానే. ఒక్క అంకె లోతు తేడాగా ఉన్నా, చుట్టూ ఆకురాయి గీతలున్నా, పెయింటు దళసరిగా ఉన్నా నమస్కారం పెట్టి వచ్చేయాలి. ఇంజన్ నంబరు ఎడమపక్క కింద ఉంటుంది. రెండూ ఆర్సీతో అక్షరం అక్షరం సరిచూసుకున్నాను.

తర్వాత సెంటర్ స్టాండ్ వేసి, వెనకాల ఒకరు నొక్కితే ముందు చక్రం లేస్తుంది. రెండు వేళ్లతో హ్యాండిల్ మెల్లగా తిప్పాలి. సరిగ్గా మధ్యలో టక్కున పట్టినట్టయితే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగు) పోయింది. నాకు దొరికిన బండికీ అలాగే పట్టింది. ఛాసిస్ వంకరో కాదో చూడ్డానికి ఒక పురికొస చాలు. రెండు టైర్లూ 2.75-18 సైజే కాబట్టి వెనక టైరు పక్కన సూటిగా లాగిన దారం ముందు టైరును కూడా సమంగా తాకాలి.

డబ్బులిచ్చే ముందు పేరు మార్పు కాగితాలైన ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30 మీద ఆర్సీలో పేరున్నాయనతోనే సంతకాలు చేయించాను. ఓపెన్ పేపర్ల మీద, అంటే కొన్నవాళ్ల పేరు రాయకుండా సంతకం మాత్రం పెట్టిన ఫారాల మీద, మూడు చేతులు మారిన బళ్లు చవగ్గా వస్తాయి. కానీ అసలు ఓనరు చనిపోయి ఉంటే ముందు ఫారం 31తో వారసుల పేరు మీదికి రావాలి, అది వేరే కథ. ట్రాన్స్‌ఫర్ సంగతి అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆఫీసుకు తెలియజేయాలి. అమ్మేవాళ్లు బద్ధకిస్తే సుప్రీంకోర్టు 2018లో చెప్పింది గుర్తు చేయండి: అమ్మేసినా ఆర్సీలో పేరుంటే ప్రమాదం బాధ్యత వాళ్లదే. ఇన్సూరెన్సు పేరు మార్పుకూ పద్నాలుగు రోజులే గడువు.

ఇంటికొచ్చాక మొదట పాత పెట్రోలు పారబోశాను. ట్యాంకు అడుగున ఎర్రటి తుప్పు పొడి. గుప్పెడు నట్లు, వెనిగర్ వేసి రాత్రంతా ఉంచి, ఊపి, కడిగి ఎండబెట్టాను. తుప్పు వదలకపోతే కార్బొరేటర్ ఎన్నిసార్లు కడిగినా మళ్లీ మూసుకుంటుంది. చోక్ వేస్తేనే నడిచి, తీస్తే ఆగిపోతుంటే చాలాసార్లు పైలట్ జెట్ (కార్బొరేటర్‌లో స్లో మీద పెట్రోలు పంపే సన్నటి గొట్టం) తప్పే. దాని రంధ్రం వెలుతురుకి పెట్టి చూస్తేనే కనిపిస్తుంది. పిన్నీసుతో పొడవకూడదు, పెద్దదైతే పెట్రోలు తాగేస్తుంది. క్లీనర్ స్ప్రే కొట్టి గాలి పట్టిస్తే సరి.

ఆయిలు 10డబ్ల్యూ30 గ్రేడు. డ్రెయిన్ నట్టును బలంకొద్దీ బిగించొద్దు, అల్యూమినియం మరలు ఇట్టే పోతాయి. ఈ ఇంజన్లలో ఎక్కువగా చెడగొట్టేది ఆ చోటే. ప్లగ్గు, ఎయిర్ ఫిల్టరు, రెండు బ్రేక్ షూల సెట్లు, క్లచ్ కేబుల్ కొత్తవి వేశాను. చైను ఒక్కటే మార్చి పాత స్ప్రాకెట్లు (చైను తిరిగే పళ్ల చక్రాలు) ఉంచితే కొత్త చైను త్వరగా సాగుతుంది. అందుకే సెట్టే తీసుకున్నా. కోన్ సెట్ మాత్రం మెకానిక్‌కే వదిలేశాను, పాత కప్పులు కొట్టి తీయడం ఇంట్లో అయ్యే పని కాదు.

తర్వాత 500 కిలోమీటర్లకే ఆయిలు మళ్లీ దించాను. మొదటిసారి తారులా వచ్చింది. రెండోసారి పల్చటి గోధుమ రంగులో వచ్చింది, అడుగున రవ్వలేమీ లేవు. మూడోసారి మూడు వేల కిలోమీటర్లకు మారుస్తాను.