క్విల్ట్ కుట్టడానికి ఇస్తున్నారా? డేట్ ముందే మాట్లాడుకోండి
క్విల్ట్ అంటే గుడ్డ ముక్కలు అతికి చేసే బొంత. ముక్కలన్నీ మనమే అతికి, మూడు పొరలు (పై గుడ్డ, మధ్యలో మెత్తటి పొర, అడుగు గుడ్డ) కలిపి కుట్టే పని లాంగ్‌ఆర్మ్ మెషిన్ (క్విల్ట్‌లు కుట్టే పెద్ద మెషిన్) ఉన్నవాళ్లకి ఇచ్చేటప్పుడు ముందు అడగాల్సింది మన వంతు ఎప్పుడొస్తుందని, ఎందుకంటే కుట్టడం కంటే క్యూలోనే ఎక్కువ రోజులు పోతాయి. పెళ్లికో పుట్టినరోజుకో కావాలంటే ఆ తేదీ మొదటి రోజే చెప్పేయాలి. ఏమీ చెప్పకుండా ఇచ్చేసి వారం తిరక్కుండా ఫోన్ల మీద ఫోన్లు చేస్తే ఎవరికైనా చిరాకే. ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే కుట్టు డిజైన్ అయితే త్వరగా తెమిలిపోతుంది. బ్లాక్ బ్లాక్‌కీ (ముక్కలు అతికిన ఒక్కో గడికీ) వేరే డిజైన్ అంటే టైమూ, డబ్బూ రెండూ పెరుగుతాయి.

అడుగు గుడ్డ సాధారణంగా పై గుడ్డ కంటే ఒక్కో వైపు 4 అంగుళాలు ఎక్కువ ఉండాలి, మెషిన్‌కి బిగించాలి కదా. వేలాడే దారాలు కత్తిరించి, ఇస్త్రీ చేసి ఇవ్వండి. వదులైపోయి అలలు తిరిగిన బోర్డర్‌ని మెషినే సరిచేస్తుందని ఆశ పెట్టుకోకండి, అక్కడ మడత పడుతుంది. అన్నట్టు, చివర్లో చుట్టూ అంచు పట్టీ వేసే పని చాలామంది రేటులో కలపరు, అదీ అడిగేయండి.