డైరీలో రాయని మందు

మాది పల్నాడు. మూడెకరాల్లో తేజ మిర్చి వేస్తాను. ఆకు ముడుచుకుంటే ఓ కొమ్మ తుంచి మందుల షాపుకు పట్టుకెళ్లడం, అతను చూసి రెండు డబ్బాలూ ఒక ప్యాకెట్టూ ఇవ్వడం, మూడూ డ్రమ్ములో కలిపి కొట్టేయడం. ఇరవై ఏళ్లుగా నా సేద్యం ఇదే. 2021లో నల్లతామర పురుగు పడినప్పుడు నాలుగు రోజులకోసారి కొట్టాం. ఏమేం కొట్టామో ఇప్పుడడిగితే సగం పేర్లు చెప్పలేను. ఆ ఏడు పంట పోయింది, షాపు బాకీ మిగిలింది.

పోయినేడు మిర్చి ఎగుమతి చేసే ఒక కంపెనీతో ఐపీఎం పద్ధతికి ఒప్పందం రాసుకున్నాను. ఐపీఎం అంటే సమగ్ర సస్యరక్షణ. మందు ముట్టుకోకూడదని కాదు. వాళ్లిచ్చిన జాబితాలోవే, చెప్పిన మోతాదులో కొట్టాలి, కోతకు ముందు చెప్పినన్ని రోజులు ఆగాలి. కాయ ల్యాబ్ పరీక్షలో పాసైతే యార్డు ధర మీద కొంత ఎక్కువిస్తారు. ఆ ఎక్కువ కోసమే చేరాను, దాచడమెందుకు.

మొదటి రోజే ఒక డైరీ చేతిలో పెట్టారు. తేదీ, మందు పేరు, అందులోని రసాయనం పేరు, బ్యాచ్ నంబరు, ఎకరానికి ఎంత, ఏ పురుగుకు కొట్టారు, బిల్లు నంబరు. "కొట్టిన రోజు సాయంత్రమే రాయాలి బాబాయ్, వారం తర్వాత గుర్తు తెచ్చుకుని రాస్తే లెక్కలోకి రాదు" అన్నాడు ఫీల్డుకొచ్చే అబ్బాయి.

రసాయనం పేరు రాయడం మొదలుపెట్టాకే ఒక సంగతి బయటపడింది. పదిరోజుల తేడాలో వేరువేరు మందులనుకుని కొన్న రెండు డబ్బాల్లో ఉన్నది ఒకటే రసాయనం. కంపెనీలు వేరు, బొమ్మలు వేరు, ధరలు వేరు. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు ఇలా జరిగిందో!

ఇక "ఏ పురుగుకు" అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయేది. నిజం రాయాలంటే చాలాసార్లు "పక్క చేనోళ్లు కొట్టారని" అని రాయాలి. ఆ అబ్బాయి తెల్ల కాగితం ఒకటి తెచ్చి, పది మొక్కల పూలు దానిమీద దులిపించేవాడు. తామరపురుగులుంటే నల్లటి చుక్కల్లా కదులుతూ కనిపిస్తాయి. వాటిని లెక్కపెట్టాకే కొట్టాలా వద్దా అన్న మాట. చేను చుట్టూ నాలుగు వరుసల జొన్న, మధ్యలో నీలం జిగురు అట్టలు. మొత్తానికి ఆ ఏడు నాలుగైదు కొట్టుళ్లు తగ్గాయి.

సంక్రాంతి తర్వాత మొదటి కోత కోశాం. కల్లంలో ఎండాక శాంపిల్‌కు వచ్చారు. నేను మంచి కాయ ఏరి ఇవ్వబోతే వద్దన్నారు. రాశిలో పది చోట్ల, పైనా అడుగునా, గుప్పెడు గుప్పెడు తీసి పట్టా మీద కలిపారు. నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు ఉంచి, మిగతావి తోసేశారు. కిలో దాకా మిగిలేవరకు అలాగే చేసి, మూడు ప్యాకెట్లు కట్టి సీలు వేశారు. సంతకం పెట్టించుకుని ఒక ప్యాకెట్ నాకే ఇచ్చారు.

తొమ్మిదో రోజు ఫోన్. ఫెయిల్. కాయలో ఫిప్రోనిల్ ఉందట.

ఫిప్రోనిల్ మిర్చిలో తామరపురుగుకు వాడే మందే, దుకాణాల్లో దొరికేదే. కానీ కంపెనీ జాబితాలో లేదు, నేను ముట్టుకోలేదు. ల్యాబ్‌దే తప్పని గొడవపడ్డాను. వాళ్ల పరిమితి కిలోకు 0.01 మిల్లీగ్రాము. అంటే 100 టన్నుల కాయలో ఒక గ్రాము. "ఇంత కూడా పట్టుకుంటారా" అంటే, "యంత్రం పట్టుకుంటుంది బాబాయ్, పైగా కాయ ఎండేకొద్దీ నీరు పోతుంది, మందు మిగులుతుంది" అన్నాడు. రెండు రాత్రులు టెన్షన్‌తో నిద్ర లేదు. పక్క చేలో కొట్టింది గాలికి వచ్చిందేమో అనుకున్నాను. అద్దెకు తెచ్చిన తైవాన్ స్ప్రేయర్ అడుగున ఎవరిదో మిగిలిందేమో అనుకున్నాను.

మూడో రోజు అబ్బాయి వచ్చి డైరీ ముందు వేసుకున్నాడు. తర్వాత మోటారు షెడ్డులోకి వెళ్లి ఖాళీ డబ్బాలన్నీ బయటపెట్టి ఒక్కొక్కటీ డైరీతో సరిచూశాడు. ఒక సీసా మిగిలింది.

"ఇదేంటి బాబాయ్?"

"అది బయోరా, మందు కాదు."

డిసెంబరులో పూత రాలుతుంటే షాపతను ఇచ్చాడు. సీసా మీద పచ్చటి ఆకు బొమ్మ. ఆర్గానిక్ కదా అని డైరీకి ఎక్కించలేదు. అబ్బాయి సీసా తిప్పి తిప్పి చూశాడు. పురుగుమందు డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చల్లో ఏదో ఒక రంగు త్రికోణం ఉండాలి. దీనిమీద లేదు. సీఐఆర్ అని మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరూ లేదు. 1968 పురుగుమందుల చట్టం ప్రకారం జీవ పురుగుమందుకైనా ఆ రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే అన్నాడు. బిల్లూ లేదు. సీసా అడుగున మిగిలిన నాలుగు చుక్కలు ల్యాబ్‌కు పట్టుకెళ్లాడు. అందులో ఉన్నదీ ఫిప్రోనిలే.

షాపుకు పోయి నిలదీశాను. అతను అంతా విని, "పని చేసిందా లేదా చెప్పన్నా" అన్నాడు. నిజానికి బాగా పనిచేసింది. రెండు రోజుల్లో తామర మాయమైతే, బయోలో ఇంత పవరుందా అని మురిసిపోయి నలుగురికి నేనే చెప్పాను. ఆ నలుగురికీ మళ్లీ ఫోన్లు చేసి వద్దని చెప్పడం తలవంపుగా అనిపించింది. వ్యవసాయాధికారికి కాగితం రాసిచ్చాను. అది ఇంకా నడుస్తోంది.

మొదటి కోత 14 క్వింటాళ్లూ గుంటూరు యార్డులో మామూలు ధరకే పోయాయి. రెండో కోత కాయను వేరే పట్టాల మీద, వేరే కల్లంలో ఆరబోశాను. స్ప్రేయర్ అద్దెకు తేవడం మానేసి సొంతంగా కొన్నాను. మార్చిలో ఆ శాంపిల్ పాసైంది. తొమ్మిది క్వింటాళ్లకు ఎక్కువ ధర వచ్చింది, స్ప్రేయర్ ఖర్చుకు సరిపోయింది.

ఈ ఏడు డైరీలో నేనే ఒక గడి గీసుకున్నాను: పక్క చేలో ఏ రోజు ఏం కొట్టారు, గాలి ఎటుంది. అది మా పెదనాన్నగారి అబ్బాయి చేను. చూసి నవ్వాడు. అయినా కొట్టే ముందు ఫోన్ చేసి, "రాసుకో తమ్ముడూ" అంటున్నాడు.